ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జీవశాస్త్ర విద్య: బషీర్‌బాగ్, పరిసర కళాశాలలు

హైదరాబాద్‌లో ప్రభుత్వ రంగంలోని జీవశాస్త్ర ఉన్నత విద్య చాలావరకు ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందే సాగుతుంది. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం ఇక్కడి పాత జంట. సూక్ష్మజీవశాస్త్రం, జీవరసాయనశాస్త్రం, జన్యుశాస్త్రం, బయోటెక్నాలజీ తరవాత వచ్చి చేరాయి. విశ్వవిద్యాలయ ప్రధాన ప్రాంగణం తార్నాక వైపున ఉన్నా, డిగ్రీ స్థాయి చదువుకు చాలాకాలంగా ఊరి నడిబొడ్డే కేంద్రం. బషీర్‌బాగ్‌లో నిజాం కళాశాల, సైఫాబాద్‌లో విశ్వవిద్యాలయ సైన్సు కళాశాల, నాంపల్లిలో ఇందిరా ప్రియదర్శిని ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల, కోఠీలో పాత రెసిడెన్సీ భవనంలోని మహిళా కళాశాల ఒకదానికొకటి ఎంతో దూరంలో లేవు. కోఠీ కళాశాల 2022లో ఉస్మానియా నుంచి విడిపోయి ప్రత్యేక మహిళా విశ్వవిద్యాలయమైంది. ఇప్పుడు దాని పేరు వీరనారి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం.

రాష్ట్ర విశ్వవిద్యాలయం అంటే రాష్ట్ర చట్టం కింద నడిచేది, జీతాలకూ నిర్వహణకూ ప్రధానంగా రాష్ట్ర ఖజానా మీద ఆధారపడేది. ప్రవేశాల్లోనూ రాష్ట్రం ముద్ర ఉంటుంది. 1973 నాటి ఆరు సూత్రాల పథకం తరవాత, 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు విద్యాసంస్థల్లో 85 శాతం సీట్లను స్థానిక అభ్యర్థులకు కేటాయించింది. నిజాం కళాశాల తరగతి గదిలో మహబూబ్‌నగర్, నల్లగొండ, మెదక్ పల్లెల పిల్లలు అంతమంది కనిపించడానికి ఈ నిబంధన ఒక కారణం. తక్కువ ఫీజు, హాస్టలు వసతి, ఫీజు రీయింబర్స్‌మెంటు మిగతా కారణాలు. హాస్టలు ఎంత ముఖ్యమో 2022 నవంబరులో స్పష్టంగా తెలిసింది. నిజాం కళాశాలలో కొత్తగా కట్టిన బాలికల హాస్టలు తమకు ఇవ్వాలని డిగ్రీ విద్యార్థినులు రోజుల తరబడి ఆందోళన చేశారు. ప్రభుత్వం జోక్యం చేసుకుని, మొదట పీజీ విద్యార్థినులకు అనుకున్న ఆ భవనాన్ని వాళ్లకు ఇప్పించింది.

చరిత్ర

బషీర్‌బాగ్ పేరు పైగా ప్రభువుల వంశీకుడు, నిజాం రాజ్య ప్రధాని సర్ ఆస్మాన్ జా బషీరుద్దౌలా కట్టించిన రాజప్రాసాదం నుంచి వచ్చింది. నిజాం కళాశాల 1887లో, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పాలనలో, హైదరాబాద్ స్కూలునూ మదర్సా-ఎ-ఆలియానూ కలపడంతో ఏర్పడింది. తొలి ప్రిన్సిపాల్ అఘోరనాథ్ చటోపాధ్యాయ ఎడింబరో విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రంలో డాక్టరేటు పొందినవాడు, సరోజినీ నాయుడు తండ్రి. కళాశాల అధిపతి ప్రయోగశాల నుంచి వచ్చినవాడు కావడం ఆ రోజుల్లో సంస్థానాల్లో అరుదు. కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా, ఇంగ్లీషు మాధ్యమంలో నడిచింది. పిల్లలు హైదరాబాద్‌లో చదివి మద్రాసు పరీక్షలు రాసేవారు.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడినప్పుడు దానికి సొంత ప్రాంగణం లేదు. నిజాం కళాశాల పక్కనే ఒక భవనంలో 225 మంది విద్యార్థులతో, 25 మంది అధ్యాపకులతో మొదలైంది. అప్పటికి అందులో కళలు, మతశాస్త్రం మాత్రమే ఉన్నాయి, విజ్ఞానశాస్త్రాలు తరవాత చేరాయి. బోధన ఉర్దూలో. పాఠ్యపుస్తకాల కోసం 1917లోనే దారుత్తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పారు. గోడకు ఇవతల ఇంగ్లీషులో మద్రాసు పాఠ్యక్రమం, అవతల ఉర్దూలో సొంత పాఠ్యక్రమం. ఒకే ఊళ్లో రెండు వేర్వేరు విద్యావిధానాలు సుమారు మూడు దశాబ్దాలు సమాంతరంగా సాగాయి. శాస్త్రాన్ని దేశభాషలో విశ్వవిద్యాలయ స్థాయి దాకా తీసుకెళ్లిన తొలి పెద్ద ప్రయత్నాల్లో ఉస్మానియాది ఒకటి. అయితే ఆ భాష రాజ్యంలోని అధికసంఖ్యాకుల ఇంటి భాష కాదు. తెలుగు, మరాఠీ, కన్నడ ఇళ్ల పిల్లలు ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాషతోనే శాస్త్రం నేర్చుకోవాల్సి వచ్చింది.

శాశ్వత ప్రాంగణానికి స్థలం వెతకడంలో పాలుపంచుకున్నవారిలో పాట్రిక్ గెడ్డెస్ ఒకడు. నగర ప్రణాళికా నిపుణుడిగా పేరుపడ్డ గెడ్డెస్ మొదట జీవశాస్త్రవేత్త. స్కాట్లాండ్‌లోని డండీలో ఏళ్ల తరబడి వృక్షశాస్త్ర ఆచార్యుడిగా పనిచేశాడు. ఉస్మానియా మీద ఆయన నివేదిక 1923లో వచ్చింది. ప్రాంగణానికి 1934లో శంకుస్థాపన జరిగింది. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పన చేసిన ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైంది. నిజాం కళాశాల 1947 ఫిబ్రవరిలో మద్రాసుతో బంధం తెంచుకుని ఉస్మానియాకు అంగ కళాశాల అయింది. మరుసటి ఏడు పోలీసు చర్య తరవాత ఉస్మానియాలో ఉర్దూ స్థానంలోకి ఇంగ్లీషు వచ్చింది.

తెలుగు మాధ్యమానికి 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఊతమిచ్చింది. హిమాయత్‌నగర్‌లోని ఆ సంస్థ ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయి వృక్షశాస్త్ర, జంతుశాస్త్ర పుస్తకాలను తెలుగులో అచ్చువేసింది. జిల్లా కళాశాలల్లో చదివి ఉపాధ్యాయులైన ఒక తరమంతా ఆ పుస్తకాలతోనే కణవిభజన నేర్చుకుంది. పోటీ పరీక్షలకు తయారయ్యేవాళ్లు ఇప్పటికీ వాటి పాత ప్రతులను కోఠీ పుస్తకాల దుకాణాల్లో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతుక్కుంటారు. నగర కళాశాలల సైన్సు తరగతుల్లో మాత్రం ఇప్పుడు ఇంగ్లీషు మాధ్యమానిదే పైచేయి.

ఈ కళాశాలల పరిసరాల్లోనే మరో విశ్వవిద్యాలయం కూడా పుట్టింది. ఆరు సూత్రాల పథకం ఫలితంగా 1974లో ఏర్పడిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, గచ్చిబౌలికి వెళ్లకముందు నాంపల్లి స్టేషన్ రోడ్డులోని గోల్డెన్ త్రెషోల్డ్‌లో మొదలైంది. అది అఘోరనాథ్ కుటుంబం ఇల్లు. ఆ తరవాత నగరంలో జీవశాస్త్రం చదవాలనుకునేవారి ముందు రెండు దారులు నిలిచాయి. కేంద్రీయ సంస్థలో సీట్లు కొద్ది, నిధులు ఎక్కువ, పోటీ దేశమంతటి నుంచి. ఉస్మానియాలో సీట్లు వేలల్లో, ప్రయోగశాలలు పాతవి, విద్యార్థులు చుట్టుపక్కల జిల్లాలవాళ్లు. ఈ తేడాను పట్టించుకోకుండా రెండింటినీ ర్యాంకుల పట్టికలో పక్కపక్కన పెట్టి తూచడం సరైన కొలమానం కాదు.

ప్రవేశం

డిగ్రీలో జీవశాస్త్రానికి దారి ఇంటర్మీడియట్ బైపీసీ గుండా పోతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1969-70లో రెండేళ్ల ఇంటర్మీడియట్ ప్రవేశపెట్టింది. అంతకుముందు విశ్వవిద్యాలయాలే నడిపే ఒక ఏడాది పీయూసీ ఉండేది. 1971లో ఏర్పడిన ఇంటర్మీడియట్ బోర్డు కార్యాలయం నాంపల్లిలోని విద్యాభవన్. పీయూసీ పోవడంతో పదహారు పదిహేడేళ్ల పిల్లల జీవశాస్త్రం విశ్వవిద్యాలయ అధ్యాపకుల చేతిలోంచి జారి జూనియర్ కళాశాలలకు వెళ్లింది. కొన్నేళ్లలో కార్పొరేట్ కోచింగు దాన్ని సొంతం చేసుకుంది.

బైపీసీలో చేరే పిల్లల్లో అధికభాగం కళ్లు వైద్యవిద్య మీదే ఉంటాయి. ఒకప్పుడు ఎంసెట్ పంచిన ఆ సీట్లను 2017 నుంచి తెలంగాణలో నీట్ పంచుతోంది. ఎంబీబీఎస్, బీడీఎస్ రాక, వెటర్నరీ, వ్యవసాయ, ఫార్మసీ కోర్సులూ అందక మిగిలినవారు బీఎస్సీలో చేరతారు. ఒకటి రెండేళ్లు లాంగ్‌టర్మ్ కోచింగులో గడిపి వచ్చేవాళ్లూ ఉంటారు. అందుకే మొదటి సెమిస్టరు తరగతి గదిలో చాలామంది ఒకచోట ఓడి వచ్చినట్టు కూర్చుంటారు. వాళ్లకు వృక్షశాస్త్రం మీద ఆసక్తి పుట్టించడం అధ్యాపకుడి మొదటి పని. పాఠ్యప్రణాళికలో ఈ పని ఎక్కడా రాసి ఉండదు. అసలు ప్రాణులంటేనే ఇష్టంతో నేరుగా బీఎస్సీకి వచ్చేవాళ్లు కొద్దిమందే. తరవాత పరిశోధనలో నిలబడేది ఎక్కువగా వాళ్లే.

రాష్ట్రంలోని డిగ్రీ సీట్లకు 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతి ఉంది. విద్యార్థి తనకు కావలసిన కళాశాలలను, కోర్సులను ప్రాధాన్యక్రమంలో నమోదు చేసుకుంటే ఇంటర్మీడియట్ మార్కులు, రిజర్వేషను ప్రకారం విడతలవారీగా సీటు వస్తుంది. చిరకాలంగా రాజ్యమేలిన కూర్పు బీజెడ్‌సీ, అంటే వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం. వృక్షశాస్త్రం స్థానంలో సూక్ష్మజీవశాస్త్రమో బయోటెక్నాలజీయో పెట్టుకున్న కూర్పులు 1990ల తరవాత గిరాకీ తెచ్చుకున్నాయి. పేరులో టెక్నాలజీ ఉంటే ఉద్యోగం ఉంటుందన్న నమ్మకం అందుకు కొంత కారణం. ఆ నమ్మకం అన్నిసార్లూ నిజం కాలేదు. బడుల్లో, జూనియర్ కళాశాలల్లో ఉపాధ్యాయ ఉద్యోగాలకు బీజెడ్‌సీ పట్టా ఇప్పటికీ నేరుగా పనికొచ్చేది.

పాఠ్యక్రమం

దశాబ్దాల పాటు వార్షిక పరీక్షలతో నడిచిన డిగ్రీ 2016-17 నుంచి క్రెడిట్ల పద్ధతిలో ఆరు సెమిస్టర్లుగా మారింది. వృక్షశాస్త్రం సూక్ష్మజీవులు, నిమ్నశ్రేణి మొక్కలతో మొదలై వివృతబీజాలు, పూలమొక్కల వర్గీకరణ, అంతర్నిర్మాణం, పిండోత్పత్తి శాస్త్రం, కణశాస్త్రం, జన్యుశాస్త్రం, శరీరధర్మశాస్త్రం మీదుగా సాగుతుంది. జంతుశాస్త్రం అకశేరుకాలతో మొదలై సకశేరుకాలు, శరీరధర్మం, ప్రవర్తన, కణజీవశాస్త్రం, అభివృద్ధి జీవశాస్త్రం దాకా వస్తుంది. చివరి ఏడాది మత్స్యశాస్త్రం, రోగనిరోధక శాస్త్రం లాంటి ఐచ్ఛికాలు ఉంటాయి.

ఈ వరుస బ్రిటిష్ కాలపు విశ్వవిద్యాలయాల నుంచి వచ్చింది. ఒక్కో వర్గానికి ఒక్కో ప్రాతినిధ్య జీవిని ఎంచుకుని దాన్ని ఆపాదమస్తకం చదవడం దాని పద్ధతి. జంతుశాస్త్రం తొలి సెమిస్టరులో ఎల్ఫీడియం, సైకాన్, ఒబీలియా, షిస్టోసోమా, డ్రాకంక్యులస్, జలగ, రొయ్య, ఆపిల్ నత్త వరసగా వస్తాయి. వీటిలో మొదటి మూడూ సముద్ర జీవులు. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో దక్కన్ పీఠభూమి మీద ఉన్న కళాశాలలో ఒబీలియా గాజు స్లైడు మీద ఒక గులాబీ రంగు కొమ్మగానే పరిచయమవుతుంది. దాన్ని బతికుండగా చూడకుండానే పట్టా పుచ్చుకునేవాళ్లే ఎక్కువ.

అదే జాబితాలోని డ్రాకంక్యులస్ కథ వేరు. అది నారికురుపు పురుగు. దిగుడు బావుల్లో నీళ్లు తాగినవాళ్ల ఒంట్లోకి సైక్లాప్స్ అనే చిన్న నీటి ప్రాణి ద్వారా చేరి, ఏడాది తరవాత కాలి దగ్గర చర్మాన్ని చీల్చుకుని మూరెడుకు పైగా పొడవైన దారంలా బయటికి వచ్చేది. తెలుగు నేల కూడా ఈ వ్యాధి పీడించిన ప్రాంతాల్లో ఒకటి. నీటిని వడకట్టడం, దిగుడు బావులను మార్చడం, సైక్లాప్స్‌ను చంపే మందు చల్లడం వల్ల దేశంలో చివరి కేసు 1996లో నమోదై, 2000లో భారత్‌కు నారికురుపు లేని దేశంగా గుర్తింపు దక్కింది. రోగికిచ్చే మందూ టీకా లేకుండానే, కేవలం పురుగు జీవితచక్రం తెలియడంతో ఒక రోగాన్ని వెళ్లగొట్టిన ఉదాహరణ ఇంతకంటే స్పష్టమైనది మరొకటి దొరకదు. తరగతి గదిలో ఈ పాఠం పటానికీ భాగాల పేర్లకీ పరిమితమైతే సగం విలువ పోయినట్టే.

వృక్షశాస్త్రానికి పరిసరాలు మరింత అనుకూలం. ఆల్బ్యూగో అనే తెల్లతుప్పు తెగులు కోసం ఎక్కడికీ వెళ్లనక్కరలేదు, వానాకాలంలో తోటకూర కట్ట తిరగేస్తే ఆకు అడుగున తెల్లటి బొబ్బలుగా కనిపిస్తుంది. సెర్కోస్పోరా వేరుశనగ రైతులకు టిక్కా తెగులుగా బాగా పరిచయం. నాస్టాక్, ఆసిల్లటోరియా తడినేల మీదా మురుగునీటిలోనూ దొరుకుతాయి. మార్కాంషియాకు మాత్రం చల్లని, తడి కొండవాలు కావాలి, నగరానికి అది సీసాలో మునిగే వస్తుంది. పూలమొక్కల కుటుంబాలకు బెంథామ్, హుకర్ల వర్గీకరణను ఇప్పటికీ పాటిస్తారు. సొలనేసీకి ఉమ్మెత్త, ఫాబేసీలో సిసాల్పినాయిడేకు తంగేడు, ఆస్టరేసీకి గడ్డి చామంతి, అనోనేసీకి సీతాఫలం. పుప్పొడి ఎలా మూటకట్టి ఉంటుందో చూపడానికి జిల్లేడును మించింది లేదు. సూదితో తీస్తే రెండు పసుపు తిత్తులు ఒక నల్లని బొడిపెకు వేలాడుతూ ఊడి వస్తాయి.

ప్రయోగశాల

పరీక్ష మార్కుల్లో ప్రయోగాల వాటా చిన్నదే అయినా, పట్టా తరవాత గుర్తుండేవి అవే. వృక్షశాస్త్ర ప్రయోగశాలలో బ్లేడుతో చేత్తో పల్చని అడ్డుకోతలు తీయడం మొదటి విద్య. ఆకుకు అసలు మందం ఉండదు కాబట్టి బంగాళదుంప ముక్కనో క్యారెట్‌నో చీల్చి ఆ సందులో పెట్టి కోస్తారు. తెగిన ముక్కల్లోంచి పల్చనిది బ్రష్‌తో ఏరి, సాఫ్రనిన్‌లో ముంచి, గ్లిజరిన్ చుక్కలో పెట్టి కవర్‌స్లిప్ మూస్తారు. లిగ్నిన్ పట్టిన దారువు ఎర్రగా తేలితే కోత కుదిరినట్టు. సమవిభజనకు ఉల్లిగడ్డను నీటి మీద నిలబెట్టి, మొలిచిన వేరు కొసలను పొద్దున్నే తుంచి, ఎసిటోకార్మిన్‌లో వేడిచేసి, స్లైడు మీద బొటనవేలితో నొక్కుతారు. మధ్యస్థదశ కనిపించినవాళ్లు పక్కవాళ్లను పిలిచి చూపించడం ప్రతి బ్యాచిలోనూ మామూలే.

రికార్డు పుస్తకం ఇక్కడి సంస్కృతిలో ఒక సంస్థ. కుడిపక్క గీతల కాగితం మీద వర్ణన, ఎడమపక్క తెల్లకాగితం మీద పెన్సిల్ బొమ్మ, అధ్యాపకుడి సంతకం. సీనియర్ రికార్డు చూసి గీసిన బొమ్మలే ఎక్కువగా చలామణీలో ఉంటాయి. సూక్ష్మదర్శినిలో కనిపించింది గీయమని అధ్యాపకులు చెబుతూనే ఉంటారు, పుస్తకంలో ఉన్నట్టే గీస్తే మార్కులు ఖాయమని విద్యార్థులకు తెలుసు. పరిశీలన నేర్పాల్సిన సాధనం చేతిరాత పరీక్షగా మారిపోవడం ఈ చదువులోని పాత బలహీనత. పరీక్ష రోజు గుర్తించడానికి వరసగా పేర్చిన నమూనాలు, అంటే స్పాటర్లు, వాటి ముందు కొద్ది నిమిషాల వ్యవధి, చివర్లో వైవా.

జంతుశాస్త్రంలో పెద్ద మార్పు కోతల విషయంలో వచ్చింది. కప్ప, బొద్దింక, వానపాము, రొయ్యలను మైనపు పళ్లెంలో గుండుసూదులతో బిగించి, నాడీవ్యవస్థనో రక్తనాళాలనో వేరుచేసి చూపడం తరతరాల పరీక్షాంశం. డిసెక్షన్ బాక్సు కొనడమే జంతుశాస్త్రంలో చేరినట్టు లెక్క. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2011లో కోతలను దశలవారీగా తగ్గించాలని మార్గదర్శకాలిచ్చి, 2014లో పూర్తిగా ఆపమంది. ఇప్పుడు నమూనాలు, చార్టులు, కంప్యూటరు బొమ్మలు, నిల్వచేసిన స్పెసిమెన్లు వాటి స్థానంలో ఉన్నాయి. ఏటా తరగతికొక సంచి చొప్పున కప్పలు చావడం ఆగడం మంచిదే. వేళ్లకు వచ్చే నేర్పు మాత్రం తెర మీద రాదు. ఆ లోటు పూడ్చడానికి బతికున్న జంతువుల ప్రవర్తన, పురుగుల పెంపకం, చెరువు నీటి పరీక్ష లాంటి పనులు పెంచాల్సింది. అన్ని కళాశాలలూ ఆ దారి పట్టలేదు.

క్షేత్ర అధ్యయనం

బొటానికల్ టూర్ అనే మాటకు విద్యార్థుల్లో విహారయాత్ర అన్న అర్థమే ముందు తడుతుంది. దగ్గరి చోట్లలో నర్సాపూర్ అడవి, మూసీ పుట్టిన వికారాబాద్ అనంతగిరి కొండలు, నగరం లోపల 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన కేబీఆర్ పార్కు తరచూ వినిపిస్తాయి. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన అమీన్‌పూర్ చెరువు పక్షుల కోసం వెళ్లేవారికి అనువైనది. బషీర్‌బాగ్ పిల్లలకు నడిచి వెళ్లగలిగింది నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్. 1963లో నెహ్రూ జూ పార్కు తెరవకముందు నగరపు జంతు ప్రదర్శనశాల కూడా ఇక్కడే ఉండేది.

సేకరించిన మొక్కను గుర్తించడానికి ఇప్పటికీ గ్యాంబుల్ పుస్తకాలే తిరగేస్తారు. 1915 నుంచి 1936 వరకు భాగాలుగా వెలువడిన ఆ గ్రంథం మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కలది, నిజాం రాజ్యం దాని పరిధిలో లేదు. ఆ వెలితిని తీర్చే పని ఉస్మానియా వృక్షశాస్త్రవేత్తల మీద పడింది. రాజ్యంలోని సాధారణ పూలమొక్కల గురించి ఎం. సయీదుద్దీన్ స్వాతంత్ర్యానికి ముందే వ్యాసాలు ప్రచురించారు. పక్షుల లెక్క మాత్రం బయటివారి చేతుల మీదుగా జరిగింది. సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యంలో తిరిగి చేసిన సర్వే ఇప్పటికీ తెలంగాణ పక్షులకు పునాది పత్రం.

ఉస్మానియా జీవశాస్త్రం తన ముద్ర వేసిన రంగం నీటి శైవలాలు. కారణం కళ్లెదుటే ఉంది. నగరం చుట్టూ కుతుబ్‌షాహీల కాలం నుంచీ తవ్విన చెరువులు, నడుమ 1562 నాటి హుస్సేన్‌సాగర్, ఊరి మురుగంతా మోసే మూసీ. ఏ. ఆర్. జాఫర్ హైదరాబాద్ చేపల చెరువుల్లో శైవలాల జీవావరణాన్ని ఏళ్ల తరబడి గమనించి 1960ల్లో ప్రచురించిన పత్రాలను దేశవిదేశాల్లో ఇప్పటికీ ఉదహరిస్తారు. వి. వెంకటేశ్వర్లు మూసీ నది శైవలాలపై, కాలుష్యంపై 1969లో హైడ్రోబయాలజియా పత్రికలో రాశారు. నీటిలో సేంద్రియ మురుగు పెరిగే కొద్దీ సున్నిత జాతులు తప్పుకుని, ఆసిల్లటోరియా, యూగ్లీనా లాంటి ఓర్పుగలవి రాజ్యమేలడం ఈ అధ్యయనాల సారం. రసాయన పరీక్ష ఆ క్షణపు నీటినే చెబుతుంది, అక్కడ బతికే శైవలాల సమూహం కొన్ని వారాల చరిత్రను చెబుతుంది. విలువైన యంత్రాలు లేని విశ్వవిద్యాలయం ఒక సీసా, ఒక సూక్ష్మదర్శిని, నెల నెలా అదే చెరువుకు వెళ్లే ఓపికతో ప్రపంచస్థాయి పని చేయగలిగింది. శిలీంధ్రాల వర్గీకరణలో సి. మనోహరాచారి బృందం చేసిన కృషిదీ ఇదే తోవ.

పీజీ, పరిశోధన

ఎం.ఎస్సీ. ప్రవేశాలకు ఉస్మానియా తన పరీక్ష తాను పెట్టుకునేది. ఇప్పుడు రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాలన్నిటికీ కలిపి ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్షను ఉస్మానియాయే నిర్వహిస్తోంది. నాలుగు సెమిస్టర్ల కోర్సులో చివరి దశలో ప్రాజెక్టు ఉంటుంది. ఇక్కడ ఊరు చేసే మేలు పెద్దది. ప్రధాన ప్రాంగణానికి ఆనుకునే తార్నాకలో 1958లో కూనూరు నుంచి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, హబ్సిగూడలో 1977లో ఏర్పడిన కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) ఉన్నాయి. పటాన్‌చెరు దగ్గర 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. డిగ్రీలో పీసీఆర్ యంత్రాన్ని బొమ్మలో మాత్రమే చూసిన విద్యార్థికి దాన్ని నిజంగా ముట్టుకునే అవకాశం ఎక్కువగా ఇలాంటి చోట్లే దొరుకుతుంది.

బేగంపేటలో ఉస్మానియా చేతిలో ఉన్న రెండు స్థలాలకు ప్రత్యేక విలువ ఉంది. ఒకటి సర్ రొనాల్డ్ రాస్ పరాన్నజీవశాస్త్ర సంస్థ. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో సైనిక వైద్యుడైన రాస్, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన అనాఫిలిస్ దోమ కడుపు గోడలో పరాన్నజీవి కణాలను చూశాడు. దోమకు ఒక అణా చొప్పున హుసేన్ ఖాన్‌కు ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. ఇంటర్మీడియట్‌లో ప్లాస్మోడియం జీవితచక్రాన్ని కంఠతా పట్టే పిల్లల్లో ఎంతమందికి ఆ పని తమ ఊళ్లోనే జరిగిందని తెలుసో చెప్పడం కష్టం.

రెండోది జన్యు వ్యాధుల ఆసుపత్రితో కూడిన జన్యుశాస్త్ర సంస్థ. దీని వెనక ఓ. ఎస్. రెడ్డి కృషి ఉంది. తెలుగువారిలో మేనరికాలు పాత ఆచారం కావడంతో ఈ సంస్థకు పని ఇంటింటా దొరికింది. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లి జరిగితే, పుట్టే బిడ్డలో ఒక జన్యువు తాలూకు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం పదహారింట ఒకటి. మేనమామ, మేనకోడలి పెళ్లిలో అది ఎనిమిదింట ఒకటి. అంతర్గతంగా దాగిన దోషపు జన్యువు జంటపడే అవకాశం ఆ మేరకు పెరుగుతుంది. అయితే మేనరికం చేసుకున్న ప్రతి ఇంటా వికలాంగ శిశువు పుడుతుందన్న భయమూ తప్పే, ఏమీ కాదన్న ధీమా కూడా తప్పే. ఈ మధ్యస్థ సత్యాన్ని కుటుంబానికి అర్థమయ్యేలా చెప్పడమే జన్యు సలహాదారు పని.

ఉపాధి

బీఎస్సీ తరవాత అత్యధికులు బీఈడీ వైపు వెళ్తారు. జీవశాస్త్ర ఉపాధ్యాయ పోస్టులు, గురుకులాలు, కార్పొరేట్ జూనియర్ కళాశాలలు వాళ్లను తీసుకుంటాయి. అదే నీట్ కోచింగులో బోధకులుగా చేరేవాళ్లూ ఉన్నారు, చాలామందికి ప్రభుత్వ కొలువు కంటే ముందుగా చేతికి వచ్చే జీతం అదే. అటవీ రేంజి అధికారి, మత్స్యశాఖ ఉద్యోగాలకు పోటీ పరీక్షలున్నాయి. సూక్ష్మజీవశాస్త్రం, జీవరసాయనశాస్త్రం చదివినవారికి ఔషధ, టీకా కంపెనీల నాణ్యత పరీక్షా విభాగాలు ఆధారం. 1993లో మొదలైన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయ హెపటైటిస్ బి టీకా తెచ్చాక, శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ పెరిగాక ఈ కొలువుల సంఖ్య పెరిగింది. మొదటి మెట్టు జీతాలు మాత్రం ఇంజనీరింగు పిల్లలతో పోల్చదగ్గవి కావు.

విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాలంటే ఎం.ఎస్సీ. తరవాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో జీవశాస్త్రాల పరీక్షనో, ఉస్మానియా నిర్వహించే రాష్ట్రస్థాయి సెట్‌నో, లేక పీహెచ్‌డీనో దాటాలి. నెట్‌లో జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ దక్కినవారికి పరిశోధనకు నెలనెలా భృతి వస్తుంది, దక్కనివారు పార్ట్‌టైం పాఠాలు చెప్పుకుంటూ థీసిస్ రాస్తారు. శాశ్వత నియామకాలు ఏళ్ల తరబడి వాయిదా పడటంతో కాంట్రాక్టు, పార్ట్‌టైం అధ్యాపకుల సంఖ్య పెరిగింది. రికార్డుల మీద సంతకం పెట్టేదీ, టూర్లకు పిల్లల్ని తీసుకెళ్లేదీ, స్పాటర్లు సర్దేదీ అనేక విభాగాల్లో ఇప్పుడు వాళ్లే.